పెచ్చులూడే బాల్కనీలు: విశాఖ తీరంలో ఒక అపార్ట్‌మెంటు కేసు

విశాఖలో లాసన్స్ బే కాలనీ వైపు, బీచ్ రోడ్డుకు రెండు వీధుల లోపల ఉంది ఈ అపార్ట్‌మెంటు. 1998లో కట్టారు. కింద పార్కింగు, పైన ఐదు అంతస్తులు, మొత్తం 20 ఫ్లాట్లు. తూర్పు బాల్కనీల్లో నిలబడితే సముద్రం కనిపిస్తుంది. ఒకరోజు మూడో అంతస్తు బాల్కనీ అడుగు నుంచి అరచేతి వెడల్పు పెచ్చు ఊడి, కింద ఆపి ఉన్న స్కూటర్ సీటు మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ సాయంత్రం పూట పిల్లలు ఆడుకునేది సరిగ్గా ఆ చోటే. అసోసియేషన్ వాళ్ళు ఆ టెన్షన్‌తోనే మా దగ్గరికి వచ్చారు.

వాళ్ళు అడిగింది చిన్న పని. ఆ ఒక్క చోట ప్లాస్టరింగ్ చేసి రంగు వేయడానికి ఎంత అవుతుందో చెప్పమన్నారు. ఆ పని చేయనని చెప్పాను. భీమిలి నుంచి గాజువాక దాకా పాత బిల్డింగుల మరమ్మతులే నా వృత్తి. పెచ్చు ఊడిన చోట సిమెంటు పూసి వెళ్ళిపోతే ఏం జరుగుతుందో ఈ తీరంలో ఎన్నో చోట్ల చూశాను. ముందు బిల్డింగు మొత్తం చూడనివ్వండి, ఎంత చేయాలో తర్వాత మాట్లాడుకుందాం అన్నాను. ఈ ఒక్క కేసులో తీరప్రాంతపు ఇళ్ళకు వచ్చే ఇబ్బందులు దాదాపు అన్నీ కనిపించాయి. అందుకే వివరంగా రాస్తున్నాను.

మొదటి పరిశీలన

మొదటి పని సుత్తితో తట్టి చూడటం. గట్టి కాంక్రీటు మీద తడితే ఖంగున పలుకుతుంది. లోపల పొర విడిపోయి ఉంటే బోలుగా, డబడబమని వినిపిస్తుంది. తూర్పు వైపు బాల్కనీల అడుగు భాగం, సన్‌షేడ్ల అడుగు భాగం చాలా చోట్ల గుల్లగా పలికాయి. పడమటి వైపు ఒకటి రెండు చోట్ల తప్ప అన్నీ గట్టిగా ఉన్నాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. బాల్కనీల పైభాగం, వాన నేరుగా కొట్టే బయటి అంచులు కాస్త మెరుగ్గా ఉన్నాయి. దెబ్బతిన్నదంతా కింది భాగమే. సముద్రపు గాలి తెచ్చే ఉప్పు అన్ని చోట్లా పడుతుంది. వాన తగిలే చోట ఏటా నాలుగైదు నెలలు అది కడుక్కుపోతుంది. సన్‌షేడ్ కింద, బాల్కనీ అడుగున, మెట్ల వెనక వాన చుక్క తగలదు కాబట్టి అక్కడ ఉప్పు ఏళ్ళ తరబడి పేరుకుంటూనే ఉంటుంది. రాత్రి గాలిలోని చెమ్మను పీల్చుకుని కరుగుతుంది, కాంక్రీటు సన్నని రంధ్రాల్లోంచి లోపలికి దిగుతుంది. తీరంలో ఇల్లున్నవాళ్ళు మొదట చూసుకోవాల్సింది ఇలాంటి చోట్లే. మనం మాత్రం వానకు తడిసి మరకలు పడిన గోడల వంకే చూస్తాం.

నాలుగో అంతస్తు బాల్కనీ అడుగున రెండేళ్ళ క్రితం వేసిన అతుకు ఉంది. నున్నగా ప్లాస్టరింగ్ చేసి రంగు కూడా వేశారు. అతుకు చెక్కుచెదరలేదు కానీ, దాని చుట్టూ జానెడు మేర కొత్త పగుళ్ళు, పగుళ్ళ వెంట ఎర్రటి చారలు. సెక్రటరీ గారు రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి. పైకి చూస్తూ అడిగారు: "మేస్త్రి పని శుభ్రంగానే చేశాడండీ. అతుకు అలాగే ఉంది కదా, మరి పక్కన ఎందుకు పోతోంది?" ఈ కేసులో అసలు ప్రశ్న అదే. జవాబు తర్వాత చెబుతాను.

కింద పార్కింగులో స్తంభాల అడుగున రెండడుగుల ఎత్తు వరకు నిలువు పగుళ్ళు కనిపించాయి. పైన మాత్రం స్తంభాలు బాగున్నాయి. ఎందుకా అని అటూ ఇటూ చూస్తుంటే, వాచ్‌మన్ పైపు పట్టుకుని నేల కడుగుతున్నాడు. బోరు నీళ్ళు. రోజూ పొద్దున్నే అలాగే కడుగుతాడట. ఆ నీళ్ళు నోట్లో వేసుకుని చూస్తే ఉప్పగా ఉన్నాయి. స్తంభం అడుగు రోజూ ఉప్పునీళ్ళతో తడుస్తోంది, మధ్యాహ్నానికి ఆరుతోంది, ఉప్పు లోపలే మిగులుతోంది. సముద్రానికి దూరంగా ఉన్న వెనక స్తంభాలు కూడా ముందువాటిలాగే దెబ్బతిన్నాయంటే దానికి గాలి కారణం కాదు.

ఫ్లాటు ఫ్లాటుకూ తిరుగుతున్నప్పుడు చెప్పిన బాధలు వేరే ఉన్నాయి. ఏసీ బయటి యూనిట్‌కు వేసవి వచ్చేసరికి గ్యాస్ లీకవుతుంది. కిటికీ చక్రాలు తిరగవు. గీజర్ రెండేళ్ళకే చిల్లు పడుతుంది. బోరు నీళ్ళలో సబ్బు నురగ రాదు. ఒక్కొక్కరూ తమ సమస్యను విడిగా చెప్పుకున్నారు. కొందరు కంపెనీని తిట్టారు, కొందరు మెకానిక్‌ని తిట్టారు. అన్నింటికీ మూలం ఉప్పే.

పరీక్షలు

చువ్వ ఎంత లోతులో ఉందో చూపే కవర్ మీటరుతో చూస్తే సన్‌షేడ్లలో ఇనుప చువ్వ మీద కాంక్రీటు మందం (దీన్నే కవర్ అంటారు) 12 నుంచి 15 మిల్లీమీటర్లే. 2000లో సవరించిన ఐఎస్ 456, అంటే మన దేశపు కాంక్రీటు కోడు, తీరప్రాంత వాతావరణాన్ని తీవ్రమైన వర్గంలో పెట్టి, కనీసం 45 మిల్లీమీటర్ల కవర్, ఎం30 గ్రేడు (బలాన్ని బట్టి పెట్టిన రకం) కాంక్రీటు ఉండాలంటుంది. ఈ బిల్డింగు ఆ సవరణ రాకముందే కట్టింది. ఆ రోజుల్లో స్లాబులకు 15 మిల్లీమీటర్ల కవర్ మామూలే.

ఊడిన చోట ఉలితో కొంచెం లోపలికి చెక్కి ఫినాఫ్తలీన్ ద్రావణం కొట్టాం. కాంక్రీటులో క్షారగుణం మిగిలి ఉంటే గులాబీ రంగు తిరుగుతుంది, క్షారం పోయిన చోట రంగు రాదు. పైన 8 మిల్లీమీటర్లు రంగు లేకుండా ఉండిపోయింది. అక్కడినుంచి లోపలికంతా ముదురు గులాబీ. చువ్వ చుట్టూ కూడా గులాబీయే. క్షారం ఉన్నంత కాలం చువ్వ మీద ఒక పలుచని రక్షణ పొర ఉంటుంది, తుప్పు పట్టకూడదు. ఇక్కడ మాత్రం గులాబీ కాంక్రీటు మధ్యలో చువ్వ పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. గోటితో గీకితే పొడి రాలింది. క్షారం ఉండగానే ఆ పొరను చీల్చగలిగేది క్లోరైడు, అంటే ఉప్పు. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఆ ఒత్తిడికే కాంక్రీటు పగిలి పెచ్చులుగా ఊడుతుంది.

ఈ ఫలితం చూపించగానే మీటింగులో గొడవ మొదలైంది. బిల్డరు సముద్రపు ఇసుకతో కట్టాడని చాలామంది ఎప్పటినుంచో అనుకుంటున్నారు. కోర్టుకు వెళ్ళాలన్న మాట కూడా వచ్చింది. నిజం తేల్చడానికి ఒక దారి ఉంది. కాంక్రీటును కొంచెం కొంచెం లోతుగా డ్రిల్ చేసి, ఏ లోతు పొడిని ఆ లోతుకు విడిగా తీసి ల్యాబులో క్లోరైడు చూడటం. ఇసుకలోనే ఉప్పు ఉంటే అన్ని లోతుల్లోనూ ఇంచుమించు సమానంగా రావాలి. బయటనుంచి వస్తే పైన ఎక్కువగా, లోపలికి పోయేకొద్దీ తక్కువగా ఉండాలి. ఇక్కడ బయటి పొరలో ఘనపు మీటరుకు 1.8 కిలోలు, చువ్వ దగ్గర 1.4, బాగా లోపల 0.2 వచ్చింది. కోడు ఒప్పుకునే హద్దు 0.6 కిలోలు. ఉప్పు బయటనుంచే వచ్చింది, ఇసుక మంచిదే. పాతికేళ్ళుగా ఒక మనిషి మీద పెట్టుకున్న అనుమానం ఆ మూడు అంకెలతో తీరిపోయింది. ఈ పరీక్షకు అయ్యే ఖర్చు కోర్టు ఖర్చుతో పోలిస్తే ఏపాటిదీ కాదు. అనుమానం ఉన్నవాళ్ళు ముందు ఇది చేయించుకోవాలని గట్టిగా చెబుతాను.

చివరిగా హాఫ్ సెల్ పరీక్ష. చువ్వకు ఒక తీగ తగిలించి, కాంక్రీటు మీద కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడు ఆనించి వోల్టేజీ చదువుతాం. మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే ఇంకా కిందికి పోతే అక్కడ తుప్పు నడుస్తూ ఉండే అవకాశం 90 శాతం పైనే. పైకి ఏ పగులూ లేని రెండు బాల్కనీలు కూడా ఆ హద్దు దాటాయి.

ఇక సెక్రటరీ గారి ప్రశ్న. చువ్వ ఒకచోట తుప్పు పడుతున్నంత కాలం, అది తాను అరిగిపోతూ పక్క భాగాన్ని కాపాడుతుంది. బ్యాటరీలో ఒక కొస కరుగుతుంటే రెండోది నిలిచినట్టు. మేస్త్రి ఆ అరిగే చోటును తీసి, శుభ్రమైన కొత్త సిమెంటుతో మూశాడు. అక్కడ తుప్పు ఆగింది. కానీ పక్కనున్న పాత కాంక్రీటు నిండా ఉప్పే. ఇన్నాళ్ళూ కాపుగా ఉన్నది పోయేసరికి అరిగే వంతు ఆ పక్క భాగానికి వచ్చింది. అతుకు ఎంత బాగా వేస్తే పక్కది అంత త్వరగా పోవచ్చు. మేస్త్రి పనితనంలో లోపం లేదు, వైద్యమే తప్పు. ఇంకో పది చోట్ల అలాగే పూసుంటే రెండేళ్ళకు ఇరవై చోట్ల ఊడేది.

పాతవాళ్ళు ఇదంతా హుద్‌హుద్ తర్వాతే మొదలైందన్నారు. 2014 అక్టోబరు 12న వచ్చిన ఆ తుపానులో బాల్కనీ రెయిలింగులు ఊగిపోయి, అవి దిగిన చోట కాంక్రీటు పగిలిన మాట నిజం. ఆ బెజ్జాలు ఎవరూ మూయలేదు, ఏళ్ళ తరబడి నీళ్ళు దిగాయి. కానీ క్లోరైడు అంత లోతుకు చేరడం ఒక్క తుపానుతో అయ్యే పని కాదు. అది పాతికేళ్ళ గాలి చేసిన పని.

మరమ్మతు

ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గాక, ఫిబ్రవరిలో మొదలుపెట్టాం. జూన్ వానలు పడకముందే ముగియాలన్నది లెక్క. బాల్కనీల కింద జాకీలు పెట్టి బరువు నిలబెట్టాక గానీ ఉలి వేయనివ్వలేదు.

గుల్లగా పలికినంత మేరా, దాన్ని దాటి హాఫ్ సెల్ చెడ్డ అంకె చూపినంత మేరా కాంక్రీటు తీసేశాం. చువ్వ వెనక కూడా 20 నుంచి 25 మిల్లీమీటర్లు ఖాళీ రావాలి, వేలు దూరేంత. ముందు భాగం మాత్రమే చెక్కితే వెనక ఉప్పు అలాగే ఉంటుంది. చువ్వను వైరు బ్రష్‌తో తెల్లగా మెరిసేదాకా తోమి, మున్సిపల్ నీళ్ళతో ఒత్తిడి పెట్టి కడిగాం. పొద్దున తోమిన చువ్వకు సాయంత్రంలోగా జింక్ ప్రైమర్ పడాలి. రాత్రికి వదిలేస్తే తెల్లారేసరికి మళ్ళీ ఎర్రబారుతుంది. ఒకరోజు మేస్త్రీలు త్వరగా వెళ్ళిపోతే మర్నాడు ఆ భాగమంతా మళ్ళీ తోమించాను. వాళ్ళకు కోపం వచ్చింది. అయినా ఈ పనిలో రాజీ పడలేం. బాగా సన్నబడిన చువ్వల పక్కన కొత్తవి కట్టాం.

అతుకు అంచుల వెంట చువ్వలకు జింక్ ఆనోడ్లు, అంటే తీగలున్న జింక్ దిమ్మలు, బిగించాం. ఇనుము బదులు ఆ జింకే అరిగిపోతుంది, పక్క భాగం నిలుస్తుంది. పాత అతుకుకు లేకుండా పోయింది ఇదే. ఆనోడు తీగ చువ్వకు సరిగ్గా అంటిందో లేదో మీటరు పెట్టి చూడనిదే ఏ ఒక్కదాన్నీ మూయనివ్వలేదు. తర్వాత పాలిమర్ మోర్టారు వేసి, తడి గోనెలు కప్పి క్యూరింగ్ చేశాం. క్యూరింగ్‌కు బోరు నీళ్ళు వాడొద్దని వాచ్‌మన్‌తో పాటు ప్రతి ఫ్లాటుకూ చెప్పి పెట్టాం. కాంక్రీటుకు వాడే నీళ్ళలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు, ఆ బోరులో దానికి రెట్టింపు పైన ఉంది. స్తంభాల అడుగున చుట్టూ జాకెటు, అంటే కొత్త కాంక్రీటు తొడుగు, పోశాం. రెండు సన్‌షేడ్లు బాగుచేసే దశ దాటిపోయాయి, వాటిని కోసేసి తేలిక రేకు పందిరి పెట్టాం.

బాల్కనీల అంచు కింద నీళ్ళు వెనక్కి పాకకుండా గాడి తీయించాం. అంతకుముందు ఆ గాడి లేదు. వాన నీళ్ళు అంచు దాటి అడుగు భాగం వెంట పాకి, అక్కడ పేరుకున్న ఉప్పును కరిగించి లోపలికి పంపేవి. పైన పూలకుండీల నుంచి కారే నీళ్ళదీ అదే దారి. పెచ్చు ఊడిన మూడో అంతస్తు బాల్కనీ మీద సరిగ్గా ఆ చోటే వరసగా కుండీలు ఉన్నాయి. కుండీల కింద పళ్ళేలు పెట్టుకోమని చెప్పాం.

డబ్బు మాట

అతుకులకు అడిగే దానికి పది రెట్లు పైన అయింది. సముద్రం కనపడే బాల్కనీ ముందువాళ్ళది, డబ్బు మేమెందుకు ఇవ్వాలని వెనక ఫ్లాట్లవాళ్ళు అడిగారు. అడగడంలో న్యాయం ఉంది. ముందు ఫ్లాట్లకు ధర ఎక్కువ, అద్దె ఎక్కువ. కానీ 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం పునాదులు, స్తంభాలు, దూలాలు, పైకప్పులను ఉమ్మడివిగానే చూస్తుంది. వెనక స్తంభాలూ పాడయ్యాయని ఫోటోలు చూపించాక మాట తగ్గింది. చివరికి స్తంభాలు, దూలాలు, సన్‌షేడ్ల ఖర్చు అందరూ సమానంగా పంచుకున్నారు. బాల్కనీ టైల్స్, రెయిలింగు ఎవరివి వాళ్ళు పెట్టుకున్నారు. అద్దెకున్న రెండు కుటుంబాలను ఓనర్లు డబ్బు అడగబోతే సెక్రటరీ గారే అడ్డుపడ్డారు. ఆయన చేసింది సరైన పని.

ఇళ్ళలో చేసుకోవాల్సినవి

ఏసీ బయటి యూనిట్ సన్‌షేడ్ కిందే ఉంటుంది, అంటే వాన కడగని చోటే. అందుకే దాని రెక్కలు తెల్లగా పొడిబారి రాలిపోతాయి. నెలకోసారి మెయిన్ ఆపేసి, మున్సిపల్ నీళ్ళు సన్నగా కొట్టి కడిగితే కాయిల్ చాలా కాలం మన్నుతుంది. కొత్తది కొనేటప్పుడు కాయిల్ రాగిదా, రెక్కలకు రక్షణ పూత ఉందా అని అడగండి. వీలుంటే సముద్రానికి ఎదురుగా కాకుండా పక్క గోడకు పెట్టించండి. గ్యాస్ నింపించుకుంటూ పోవడం కంటే లీకు ఎక్కడుందో కనిపెట్టించడం నయం.

కిటికీ స్క్రూలు, గడియలు స్టీలువే కదా, తుప్పు ఎందుకు పట్టిందని అడుగుతారు. షాపుల్లో మామూలుగా దొరికేది 304 రకం. అందులో మాలిబ్డినం ఉండదు, సముద్రపు గాలికి మచ్చలు పడుతుంది. 316 రకంలో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ధర ఎక్కువైనా ఇక్కడ అదే కొనాలి. అల్యూమినియం ఫ్రేముకు ఇనుప స్క్రూ వేయనివ్వకండి. ఉప్పు చెమ్మ చేరితే ఆ రెండింటిలో అల్యూమినియమే అరిగిపోతుంది. గ్రిల్స్‌కు రంగు వేసేముందు తడిగుడ్డతో ఉప్పు తుడవకపోతే ఆ రంగు సంవత్సరం కూడా నిలవదు. చాలామంది పెయింటర్లు దుమ్ము దులిపి వేసేస్తారు, దగ్గరుండి తుడిపించుకోవాలి.

కిటికీలు మూసుకుని కూర్చోమని ఎవరికీ చెప్పను. ఐదో అంతస్తులో ఉండే మామ్మగారు "ఆ గాలి కోసమే కదా బాబూ ఇక్కడ కొనుక్కున్నది" అన్నారు. వేసవి మధ్యాహ్నాలు ఆ గాలి లేకపోతే విశాఖలో ఉండలేం. తీసి ఉంచుకోండి, వారానికోసారి కిటికీ పట్టాలు తడిగుడ్డతో తుడుచుకోండి.

బోరు సంగతి పెద్దది. తీరంలో భూమి లోపల మంచినీళ్ళు తేలికగా ఉప్పునీటి మీద తేలుతూ ఉంటాయి. పైన మంచినీటి మట్టం ఒక మీటరు దిగితే, కింద ఉప్పునీటి హద్దు సుమారు 40 మీటర్లు పైకి వస్తుందన్నది సూత్రం. వేసవిలో గంటల తరబడి మోటారు వేసే కొద్దీ నీళ్ళు ఉప్పగా మారడానికి కారణం అదే. నీళ్ళు చాలడం లేదని బోరు ఇంకా లోతుగా వేయిస్తే ఉప్పునీళ్ళకు ఎదురెళ్ళినట్టే. ఈ అపార్ట్‌మెంటు వాళ్ళు అదే ఆలోచనలో ఉంటే మానిపించాను. మోటారు ఒకేసారి కాకుండా పొద్దున కాసేపు, రాత్రి కాసేపు వేయమన్నాను. మేడ మీద వాన నీళ్ళు వడకట్టి ఇంకుడు గుంతలోకి మళ్ళించారు. సుమారు 350 చదరపు మీటర్ల మేడ మీద, ఏడాదికి దాదాపు 1000 మిల్లీమీటర్ల వాన పడే ఈ ఊళ్ళో, మూడు లక్షల లీటర్లకు పైగా దొరుకుతాయి. గీజర్లు, వాషింగ్ మెషీన్లకు మున్సిపల్ నీళ్ళు, ఫ్లష్ ట్యాంకులకు బోరు నీళ్ళు వెళ్ళేలా పైపులు విడదీశారు. పార్కింగు ఇప్పుడు చీపురుతో ఊడుస్తారు, కడగరు.

తర్వాత

రెండు వానాకాలాలు గడిచాక మళ్ళీ వెళ్ళి తట్టి చూశాం. అతుకులు, వాటి చుట్టుపక్కల జానెడు మేర గట్టిగానే పలికాయి.  ఒక్క స్తంభం అడుగున మాత్రం జాకెటు పక్కన తెల్లటి ఉప్పు పొర కనిపించింది. అక్కడ బోరు పైపు జాయింటు లీకవుతోంది, పైపు మార్పించి ఉప్పు కడిగించాం.

ఏటా జనవరిలో, తుపాన్ల కాలం దాటాక, బాల్కనీలు, సన్‌షేడ్ల అడుగు భాగాలు తట్టి చూడటం అసోసియేషన్ ఖాతాలో రాసుకున్నారు. అందుకు మెయింటెనెన్స్‌లో నెలనెలా కొంత విడిగా పక్కన పెడుతున్నారు. మేడ మీద ట్యాంకు కింది దూలాల్లో ఒకటి ఇంకా హాఫ్ సెల్ పరీక్ష హద్దు దగ్గరే ఉంది. వచ్చే ఫిబ్రవరిలో దాని పని మొదలుపెడతాం.